త్రాగుడు మానిన తరువాత



త్రాగుడు చెడ్డదని చెప్పు ప్రసంగములు మీరు పెక్కు వినియుందురు. ఇల్లు గుల్లయగుట, ఆలుబిడ్డలు వీధిపాలగుట, కాలేయము చెడుట, ఇవన్నియు తెలిసిన సంగతులే. త్రాగువానికి మనకంటె బాగుగ తెలియును. కావున నేడు నేను వానిని గూర్చి మాటలాడను. త్రాగుడు మాని ఏడాదియో, మూడేండ్లో, పదేండ్లో గడచినవారిని గూర్చియు, వారితో కాపురము చేయుచున్నవారిని గూర్చియు నాలుగు మాటలు చెప్పవలెనని వచ్చితిని. వీరిని తలచుకొనువారు తక్కువ. మానినాడు గదా, ఇక చెప్పవలసినదేమున్నదని లోకమనుకొనును. నా అనుభవమున, చెప్పవలసినది అక్కడనే మొదలగుచున్నది.

నేనును అట్టివాడనే. అనంతపురము జిల్లాలో మెట్టసేద్యము చేయు కుటుంబమున పుట్టినవాడను. త్రాగుడు మాని పదునాలుగేండ్లయినది. నా పేరు చెప్పుట లేదు. అది సిగ్గుచేత గాదు. త్రాగుడు మానినవారి సంఘములలో పత్రికలయందును రేడియోయందును పేరు బయలుపెట్టుకొనరాదను నియమమొకటి కలదు. గొప్పకొరకు మానినవాడు గొప్ప తగ్గినప్పుడు మరల త్రాగును. ఆ నియమము నాకు మంచిదిగా తోచినది.

ముందుగా ఒక హెచ్చరిక. ఏండ్ల తరబడి ప్రతిదినము మిక్కుటముగ త్రాగినవాడు వైద్యుని సలహా లేక ఇంటిలో ఒక్కసారిగ మానరాదు. మద్యము మెదడును మందగింపజేయును. ఆ మాంద్యమునకు ఎదురుగా మెదడు తన వేగమును పెంచుకొని దానికి అలవాటుపడియుండును. మద్యము హఠాత్తుగ ఆగినప్పుడు ఆ వేగమునకు కళ్లెముండదు. చేతులు వణకును, చెమట పోయును, నిద్ర రాదు. కొందరికి మొదటి రెండు దినములలో మూర్ఛలు వచ్చును. మరికొందరికి రెండవ దినమునకు పిమ్మట మతి భ్రమించి లేనివి కనబడును. పల్లెలలో దీనిని గాలి సోకినదని తలంచి మంత్రగాని యొద్దకు కొనిపోవుటయు కలదు. కొనిపోవలసినది ఆసుపత్రికి. ఇది ప్రాణాపాయమైన స్థితి. అచట తగిన మందులతోను, బి1 విటమినుతోను సాధారణముగా వారము పది దినములలో ఈ గండము గడచును.

గండము గడచిన పిమ్మట ఇంటివారికి పండుగ వచ్చినట్లుండును. దేవునికి మొక్కులు చెల్లింతురు. అందరును భుజము తట్టుదురు. ఆ సందడి రెండు మూడు నెలలుండును. తరువాత మానినవాడు ఒంటరిగ మిగులును. శరీరము నుండి మద్యము పోయినంత త్వరగా మెదడు మునుపటి స్థితికి రాదు. నిద్ర కుదురుటకు నెలలు పట్టును. ఏండ్లపాటు మత్తుతోనే సంతోషమునెరిగిన మెదడునకు బిడ్డ నవ్వుగాని, వేడి సంకటి ముద్దగాని వెంటనే రుచింపదు. దీనికితోడు, కోపము వచ్చినను, అవమానము కలిగినను, తండ్రి చనిపోయినను, అప్పులవాడు వాకిట నిలిచినను, అన్నింటికిని ఒకే మందు వాడినవాడు గదా! ఆ మందు తీసివేసినంతనే ఇరువదేండ్లుగా అనుభవింపక దాచిపెట్టిన దుఃఖమంతయు ఒక్కసారి వాకిట వచ్చి నిలుచును. దానితో ఎట్లు మెలగవలెనో వానికి తెలియదు.

నా సంగతి చెప్పెదను. నేను మానిన నాలుగవయేట చెనక్కాయ పైరు ఊడలు దిగు సమయమున నలువది దినములు వాన లేదు. చేను కన్నులయెదుట మాడిపోయినది. నేను చుక్క ముట్టలేదు. అందరును మెచ్చుకొనిరి. కాని ఇంటిలో నా మాట ముల్లువలె నుండెను. అన్నము చల్లగ నున్నదని ఒకనాటి రాత్రి కంచము గోడకు విసరితిని. నా కొడుకు, అప్పటికి తొమ్మిదేండ్లవాడు, ఏమియు అనక తన పుస్తకములు తీసికొని ప్రక్కగదిలోనికి పోయెను. త్రాగుదినములలో వాడు అట్లే పోయెడివాడు. నా భార్య నేల తుడుచుచు మెల్లగా అన్న మాట నేటికిని మరువలేదు. "పిల్లోని నాయనా, తాగే దినాల్లోనన్నా అప్పుడప్పుడూ నవ్వుతాంటివి. ఇప్పుడు అదీ లేదు" అనెను.

ఆ రాత్రి నాకొకటి తెలిసినది. త్రాగుడు మానుట ఒకటి, మనసు కుదుటపడుట మరియొకటి. మొదటిది నాకు చేతనైనది. రెండవది నేను మొదలే పెట్టలేదు.

ఈ తేడాను నాకంటె ఎంతో ముందు, ఎంతో పెద్దవాడు కనుగొనియుండెనని తరువాత చదివి తెలిసికొంటిని. అమెరికా దేశమున న్యూయార్కు నగరములో షేర్ల వ్యాపారము నెరిగిన బిల్ విల్సన్ అనునతడు త్రాగుడుచే సర్వమును పోగొట్టుకొని 1934 డిసెంబరులో మానెను. మరుసటి యేడు ఓహియో రాష్ట్రమందలి ఏక్రన్ పట్టణమున మరల త్రాగవలెనను కోరిక కలిగినప్పుడు, తనవంటి మరియొక త్రాగుబోతును వెదకికొని పోయి మాటలాడెను. ఆయన బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు. ఇరువురును ఒకరికొకరు ఆసరా అయిరి. ఆ వైద్యుడు కడసారి త్రాగిన 1935 జూన్ 10వ తేదీనే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అను సంఘమునకు జన్మదినముగ ఎంచుదురు. నేడది లోకమంతట వ్యాపించినది. బెంగుళూరు, హైదరాబాదు వంటి మన నగరములలోను దాని కూటములు జరుగుచున్నవి.

మనకు కావలసినది ఆ తరువాతి కథ. వేలమందికి దారి చూపిన ఆ విల్సన్, మానిన పదేండ్లకు, అనగా 1944 ప్రాంతమున, తీవ్రమైన మనోవ్యాకులతలో పడెను. కొన్ని దినములు మంచము దిగలేకుండెను. అది ఏండ్లపాటు సాగినది. 1958 జనవరిలో ఆ సంఘపు పత్రికలో ఆయన లేఖయొకటి ప్రకటింపబడినది. దాని సారమిది: నేను మద్యమును విడిచితిని గాని, మనుష్యులమీదను పరిస్థితులమీదను ఆనుకొనుట విడువలేదు, వారు నాకు గౌరవమును, భద్రతను, ప్రేమను నేను కోరినట్లు ఈయవలెనని లోలోపల పట్టుబట్టితిని, వారు ఈయనప్పుడెల్ల కూలిపోయితిని. త్రాగుట మానిన పిమ్మట సాధింపవలసిన ఈ రెండవ పనికి ఆయన మనసు యొక్క నిగ్రహమని పేరు పెట్టెను. ఆయన 1971లో మరణించువరకు మరల త్రాగలేదు.

ఈ మాటను మన నేలకు అన్వయించి చూడుడు. అనంతపురము జిల్లాలోను, 2022లో దానినుండి ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోను సంవత్సరమునకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వానలు సముద్రమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి బలహీనపడును. ఆ కొద్దిపాటి వానయు అదనునకు రాదు. ఇట్టిచోట "వాన వచ్చిననాడు నెమ్మదిగ నుందును, చెనక్కాయకు ధర పలికిననాడు నవ్వుదును, కొడుకు బెంగుళూరునుండి డబ్బు పంపిననాడు భార్యతో మంచిగ మాటలాడుదును" అని పెట్టుకొన్నవాని గతి యేమి? వాని శాంతి మబ్బులకు తాకట్టు పడినది. కరవు రాక మానదు. వచ్చినప్పుడెల్ల వాడు ఒకటి త్రాగుటయో, త్రాగకయే ఇంటిని కాల్చుటయో జరుగును. వాన మన చేతిలో లేదు. మన చేతిలోనున్నది చెరువుకట్ట.

చెరువుకట్ట యన్నంతనే మనకు ముసలమ్మ జ్ఞాపకము రాక మానదు. బుక్కరాయసముద్రపు చెరువు నిండి కట్ట తెగబోయినప్పుడు, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ఊరిని కాపాడుటకై తన్ను తాను ఆ గండికి అర్పించుకొనెనని మన పెద్దలు చెప్పుకొందురు. ఈ కథనే కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిగ నున్నప్పుడు 1899లో కావ్యముగ వ్రాసిరి. ఆ తల్లికి చేయెత్తి మ్రొక్కుదము. కాని నేనొక ప్రశ్న అడుగుదును. త్రాగుబోతు ఇంటిలో ప్రతిదినము ఒక ముసలమ్మ గండిలోనికి నడువవలసినదేనా? ఆయన త్రాగుదినములలో ఆమె కూలికి పోయి ఇల్లు నిలిపినది. మానిన పిమ్మట ఆయనకు కోపము రాకుండ చూచుట, ఆయన ముఖము చూచి బిడ్డలను మాటలాడవద్దని సైగచేయుట, బంధువుల మాట ఆయన చెవిని పడకుండ చేయుట, ఇవియు ఆమె పనులే. ఆయన మనసుకట్టకు ఆమెయే మట్టి. ఇది న్యాయము గాదు. నేను నా భార్యను నాలుగేండ్లు ఇట్లే వాడుకొంటిని. ఆమె ఊరకుండుట ఆమె ఓర్పని తలంచితిని. అది భయమని ఆ కంచము విసరిన రాత్రి గ్రహించితిని.

విల్సన్ భార్య లోయిస్ సైతము ఇట్టి బాధనే పడి, త్రాగువారి కుటుంబములకై 1951లో ఆల్-ఎనాన్ అను ప్రత్యేక సంఘమును స్థాపించుటలో ముందు నిలిచెను. భర్త త్రాగినను మానినను భార్యకు తన ఆరోగ్యము, తన నిద్ర, తన మాట కలవని ఆ సంఘము నేర్పును. అక్కలారా, చెల్లెండ్లారా, మీ యింటివాని కట్టను మీరు మోయనక్కరలేదు. వాడు మోసినప్పుడు సంతోషింపుడు. మోయనప్పుడు, మోయవలసినది నీవేయని భయపడక చెప్పుడు. చేయి చేసికొనువాడైనచో ఒంటరిగ ఎదిరింపక పుట్టినింటివారి అండనో, ఊరిపెద్దల అండనో, పోలీసుల అండనో వెదకుడు.

ఇక కట్టను కాపాడు పని యెట్టిదో చెప్పెదను. మా ప్రాంతపు చెరువులకు నీరుగంటి యుండెడివాడు. వాన కాలమున తూము తెరచుట మాత్రమే వాని పని గాదు. చెరువు ఎండియున్న వేసవిలో కట్టమీద నడచి ఎలుకబొరియలు వెదకెడివాడు, మొలచిన చెట్లను పీకించెడివాడు. కట్ట తెగునది వరదనాడే. కాని దానిని తెగగొట్టునది వేసవిలో పూడ్చని బొరియ. మనసునకును ఇట్టి బొరియలు నాలుగు కలవు: ఆకలి, కోపము, ఒంటరితనము, అలసట. నాకు త్రాగవలెనను తలపు వచ్చినప్పుడెల్ల వెనుదిరిగి చూచితినేని ఈ నాలుగింటిలో ఒకటియైన కనబడెడిది. కావున వేళకు తినుట, వేళకు పరుండుట చిన్నపనులు కావు. మానినవానికి అవి వైద్యము.

రెండవది, కోరిక వచ్చినప్పుడు దానితో పోరాడరాదు. అది అలవంటిది. పెరుగును, శిఖరమునకు వచ్చును, తగ్గును. తరచు అరగంటలోపలనే చల్లబడును. ఆ అరగంట సేపు ఒంటరిగ నుండక, మీవంటి మరియొకనితో మాటలాడుడు. సంఘము లేనిచోట ఇద్దరు చాలు. ఏక్రనులో మొదట నుండినది ఇద్దరే గదా! నాకు పొరుగూరిలో మానినవాడొకడు కలడు. వారమునకొకనాడు అరుగుమీద కూర్చుండి, మాకు జరిగినది జరిగినట్లు చెప్పుకొందుము. సలహాలిచ్చుకొనము. అంతమాత్రముననే గుండెబరువు తగ్గును.

మూడవది, చేసిన తప్పును ఆ దినముననే ఒప్పుకొనుట. కంచము విసరిన మరునాడు నేను నా భార్యతోను, నా కొడుకుతోను తప్పు నాదని చెప్పితిని. ఇరువది మాటలకంటె ఎక్కువ లేవు. త్రాగుడు మానుటకంటె ఆ ఇరువది మాటలు నాకు కష్టమైనవి. అప్పటినుండి పరుండకముందు ఆ దినమున ఎవరిని నొప్పించితినో తలచుకొనుట అలవాటు చేసికొంటిని. లోపల కుళ్లు నిలువయున్నవానికి మందు ఎప్పుడును దూరము గాదు.

నాలుగవది, ముందుచూపు. పెండ్లి, జాతర, ఉగాది మరునాటి వేట, చేతికి పంట డబ్బు వచ్చిన దినము, చావింటి దినములు, ఇవి కరవుకంటె అపాయమైనవి. అట్టిచోటికి పోకముందే ఎప్పుడు వచ్చివేయవలెనో, ఎవరితో కూర్చుండవలెనో నిశ్చయించుకొనుడు. బంధువులకు నాదొక మనవి. మానినవానిని "ఒక్క గ్లాసుతో ఏమగును" అని బలవంతపెట్టకుడు. అతడు వద్దన్నప్పుడు కారణమడుగక మజ్జిగ ఈయుడు.

ఇంత చేసినను జారినచో ఏమిచేయవలెను? ఇచట అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు అలన్ మార్లాట్ చూపిన భేదము మేలైనది. కాలు జారుట వేరు, లోయలో పడుట వేరు. ఒకనాడు త్రాగినవాడు "అయ్యో, అంతయు పోయినది, ఇక నేను పనికిరాను" అను సిగ్గుచేతనే రెండవనాడును త్రాగును. కట్టకు చిన్న గండి పడినప్పుడు తెలివిగలవాడు గడ్డిమోపులు, మట్టితట్టలు తెచ్చి ఆ గడియలోనే పూడ్చును. చెరువు పోయినదని ఏడ్చుచు కూర్చుండడు. ఆ దినముననే ఎవరికైనను చెప్పుడు. వైద్యుని చూడుడు. కోరికను తగ్గించు నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులు నేడున్నవి. అవి వైద్యుడు పరీక్షించి ఇచ్చునవి. ఇంటివారు రహస్యముగ అన్నములో కలిపి పెట్టు మందులు మాత్రము ప్రాణాపాయము తేగలవు. వానిని నమ్మకుడు.

ఆశకును ఆధారమున్నది. హార్వర్డు విశ్వవిద్యాలయపు మనోవైద్యుడు జార్జి వాయంట్ కొన్నివందల పురుషుల జీవితములను దశాబ్దముల తరబడి పరిశీలించిన పండితులలో ముఖ్యుడు. ఐదేండ్లు మానియున్న పిమ్మట మరల పడుట అరుదని ఆ పరిశీలనలో తేలినది. నిలిచినవారికి తోడ్పడినవి నాలుగని ఆయన చెప్పెను: త్రాగుడు స్థానమున మరియొక వ్యాపకము, త్రాగినచో వెంటనే జ్ఞాపకము చేయు బయటి కట్టుబాటు, పాత గాయములు లేని క్రొత్త స్నేహములు, ఆశను నిలుపు ఒక విశ్వాసము. వీనిలో ఏదియు ధనవంతులకు మాత్రమే దొరకునది గాదు. భజనమందిరము, పాలకేంద్రమునకు తెల్లవారుజామున పోవు పని, ఎద్దులకు మేత, మొక్కలకు నీరు, అన్నియు ఈ నాలుగింటిలో చేరును.

మద్యనిషేధ శాసనముచే ఇదియంతయు తీరదా యని కొందరడుగుదురు. మన పొరుగుననే కడప, చిత్తూరు జిల్లాలలో 1938లో నిషేధము వచ్చినది. 1948 నాటికి మదరాసు రాజధాని అంతట వ్యాపించినది. పిమ్మట పోయినది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాయి దుకాణములను మూయించి రాష్ట్రమంతటిని కదిలించిరి. 1993 అక్టోబరులో సారాయి నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చినది. 1997లో సడలిపోయినది. ఆ స్త్రీల పోరాటమునకు నేను శిరసు వంచెదను. దుకాణము దూరమైనకొలది మానుట సులభమనుటలో సందేహము లేదు. అయినను శాసనము వానవంటిది. వచ్చును, పోవును. దుకాణము మూసినను తెరచినను నిలుచునట్టి కట్టను ఎవనికి వాడు వేసికొనక తప్పదు.

కడపటి మాట. మానినవారిలో కొందరికి కలుగు దిగులు కట్టుబాటుచే పోవునది కాదు. వారముల తరబడి నిద్రాహారములు లేక, బ్రదుకు వ్యర్థమను తలపు వచ్చునేని అది బలహీనత కాదు, జబ్బు. చికిత్స కలదు. అప్పులచే క్రుంగిన రైతునకు ఈ మాట మరియు ముఖ్యము. ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయమునకు 14416 అను సంఖ్యకును, మత్తుపదార్థముల అలవాటు మానుటకు 14446 అను సంఖ్యకును ఫోను చేయవచ్చును. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మనోవైద్యుని చూడవచ్చును. బెంగుళూరులోని నిమ్హాన్స్ మనకు రైలులో కొన్ని గంటల దూరమే.

ఈ యేడును వాన యెట్లుండునో నేను చెప్పలేను. పోయిన సంవత్సరము నా చేను సగము ఎండినది. ఆ సాయంకాలము నాకు కోపము రాలేదనిన అబద్ధమగును. వచ్చినది. నేను లేచి పశువులకు నీరు పెట్టి, పొరుగూరి మిత్రునితో అరగంట మాటలాడి, ఇంటికి వచ్చి అన్నము తింటిని. నా కొడుకు ఇప్పుడు ఎదిగినవాడు. సెలవులకు వచ్చియుండెను. నా ప్రక్కనే కూర్చుండి తినెను. తన కంచము తీసికొని మరియొక గదికి పోలేదు. పదునాలుగేండ్లలో నేను సంపాదించిన ఆస్తి యిది. మీలో ఎవరైనను నేడు మొదటి దినమున ఉన్నచో, మూడవయేట విసిగియున్నచో, రేపు ప్రొద్దున లేచి మీ కట్టమీద ఒకసారి నడచి చూడుడు. చిన్న బొరియ యొకటి కనబడును. దానిని పూడ్చుడు. రేపటికి అది చాలును.